తుర్తుక్: దారి మధ్యలో ఆగిన ఊరు

లద్దాఖ్ అనగానే మన కళ్లముందు మెదిలేవి బోడి కొండలు, ముదురు నీలం ఆకాశం, గాలికి రెపరెపలాడే బౌద్ధ ప్రార్థనా జెండాలు. లేహ్‌లో బయల్దేరి, ఖార్దుంగ్ లా కనుమ ఎక్కి దిగి, నుబ్రా లోయలో దిస్కిత్ ఆరామాన్నీ హుందర్ ఇసుక తిన్నెలనూ దాటేదాకా ఆ దృశ్యం పెద్దగా మారదు. ఆ తర్వాతే మారుతుంది. ష్యోక్ నది వెంబడి వాయవ్యంగా వెళ్తున్నకొద్దీ లోయ ఇరుకవుతుంది. థోయిస్ సైనిక విమానాశ్రయం వెనకబడుతుంది. బోగ్‌డాంగ్ చేరేసరికి ఎదురైనవాళ్లు లద్దాఖీల్లా ‘జూలే’ అనరు, ‘అస్సలాము అలైకుమ్’ అంటారు. చలుంకా దాటి ఇంకాస్త ముందుకు పోతే మట్టిరంగు కొండల నడుమ మెట్లు మెట్లుగా పచ్చటి పొలాలు, పాప్లార్ చెట్ల వరసలు, ఇళ్ల కప్పులన్నీ నారింజరంగు. ఆ రంగు సున్నానిదో పెయింటుదో కాదు, ఎండబోసిన ఆప్రికాట్ పండ్లది. లేహ్‌కు దాదాపు 205 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరే తుర్తుక్.

పర్యాటక సంస్థలన్నీ దీన్ని ‘దేశపు చివరి ఊరు’ అంటాయి. ఆ పేరుతోనే జనం వస్తారు, ఆ పేరున్న బోర్డు దగ్గరే ఫొటోలు దిగుతారు. నియంత్రణ రేఖ ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది కాబట్టి ఆ మాట మరీ అబద్ధమేమీ కాదు. కానీ ఊళ్లో నాలుగు సందులు తిరిగి, ఇద్దరు ముసలివాళ్లతో మాట్లాడితే అది మన వైపు నుంచి చూసి పెట్టిన పేరని తెలిసిపోతుంది. తుర్తుక్ కొన్ని వందల ఏళ్లపాటు దేనికీ చివర లేదు. ఒకవైపు ఇప్పుడు పాకిస్థాన్ అధీనంలో ఉన్న బాల్టిస్థాన్‌లోని ఖప్లూ, స్కర్దూ. మరోవైపు నుబ్రా, లేహ్. ఉప్పు, ఉన్ని, ఎండుపండ్లు మోసుకుని రెండువైపుల నుంచీ వచ్చిపోయే జనానికి ఇది మజిలీ. దారి ఒకవైపు మూసుకుపోయాక మధ్య ఊరు కాస్తా చివరి ఊరైంది. ఈ సంగతి గుర్తుంచుకుని చూస్తే ఇక్కడి తిండి, భాష, ఇళ్లు, బంధుత్వాలు అన్నీ అర్థమవుతాయి.

ఇక్కడివాళ్లు బాల్టీలు. మాట్లాడేది బాల్టీ, అంటే టిబెటన్ భాషా కుటుంబానికి చెందిన భాష. రాసేది మాత్రం ఎక్కువగా ఉర్దూ తరహా లిపిలో. పూర్వం బాల్టిస్థాన్‌లో బౌద్ధం ఉండేది. 14వ శతాబ్దంలో సయ్యద్ అలీ హమదానీ అనే సూఫీ గురువు ఈ కొండల్లోకి ఇస్లాంను తెచ్చారని ఇక్కడివారి నమ్మకం. ఆ తర్వాతి శతాబ్దంలో వచ్చిన నూర్‌బక్షీ సూఫీ మార్గాన్ని ఊళ్లో చాలామంది ఇప్పటికీ పాటిస్తారు. ప్రపంచంలో ఈ శాఖవాళ్లు ఎక్కువగా ఉన్నది బాల్టిస్థాన్‌లోనూ, లద్దాఖ్‌లోని ఇలాంటి కొన్ని ఊళ్లలోనూ మాత్రమే. మతం మారినా పాత కథలు పోలేదు. టిబెట్, మంగోలియాల్లో పాడుకునే కేసర్ రాజు వీరగాథను బాల్టీ ముస్లింలు కూడా తమ కథగానే చెప్పుకుంటారు. చలికాలం రాత్రుళ్లు పొయ్యి చుట్టూ కూర్చుని ఆ గాథ చెప్పించుకోవడం బాల్టీ ఇళ్లలో తరాల అలవాటు. తాతను ‘అపో’ అనీ, అమ్మమ్మనూ నాయనమ్మనూ ‘అపి’ అనీ పిలుస్తారు. మనం ముసలాయన్ని ఎవరినైనా ‘తాతా’ అన్నట్టే ఊళ్లో పెద్దలందరూ పిల్లలకు అపోలే.

ఖప్లూ కేంద్రంగా ఈ ప్రాంతాన్ని ఏలినవారు యాబ్గో వంశీకులు. మధ్య ఆసియా తుర్కుల మూలాలు తమవని వారు చెప్పుకుంటారు. 1834లో లద్దాఖ్‌నూ, 1840లో బాల్టిస్థాన్‌నూ జమ్మూ డోగ్రాల సేనాని జొరావర్ సింగ్ గెలిచాక ఆ రాజరికం పేరుకే మిగిలింది. వారి వేసవి నివాసం ఒకటి తుర్తుక్‌లో ఇప్పటికీ నిలబడి ఉంది. రాజప్రాసాదం అనుకుని వెళ్తే పెద్ద ఇల్లులా కనిపిస్తుంది. లోపలికి వెళ్లాక తెలుస్తుంది దాని గొప్పతనం. చెక్కిన కొయ్య స్తంభాలు, తల వంచితే తప్ప దూరలేనంత పొట్టి గుమ్మాలు, ఒక గదిలో కత్తులు, పాత నాణేలు, గోడ మీద తరతరాల వంశవృక్షం. ఆ వంశానికి చెందిన కుటుంబం ఇప్పుడు దాన్నే చిన్న మ్యూజియంగా నడుపుతోంది. వచ్చినవాళ్లకు ఇంటివాళ్లే చరిత్ర చెబుతారు. రాజ్యం డోగ్రాలకు ఎలా పోయిందో, మిగిలిన బంధువర్గం 1971లో సరిహద్దుకు అవతల ఎలా ఉండిపోయిందో ఆ వంశవృక్షం ముందు నిలబడి వింటుంటే చరిత్ర పాఠంలా ఉండదు, ఇంటి ముచ్చటలా ఉంటుంది.

1971 ఈ ఊరికి మరిచిపోలేని సంవత్సరం. 1947-48 యుద్ధం తర్వాత గీసిన కాల్పుల విరమణ రేఖకు అవతల, పాకిస్థాన్ అధీనంలో తుర్తుక్ ఉండిపోయింది. పక్కనున్న బోగ్‌డాంగ్ ఇటువైపు. అలా 23 ఏళ్లు గడిచాక, 1971 డిసెంబర్‌లో బంగ్లాదేశ్ యుద్ధం నడుస్తుండగా, మేజర్ ఛెవాంగ్ రించెన్ నాయకత్వంలో లద్దాఖ్ స్కౌట్స్, నుబ్రా గార్డ్స్ దళాలు ష్యోక్ లోయ వెంబడి ముందుకు కదిలాయి. రించెన్ ఈ లోయవాడే, సుమూర్ ఊరివాడు. 1948లో పదిహేడేళ్ల వయసులోనే మహావీర చక్ర అందుకున్న మనిషి. గడ్డకట్టే చలిలో, తెలిసిన కొండదారుల్లో, ఎక్కువగా రాత్రిపూట నడిచి ఆయన దళం చలుంకా, తుర్తుక్, త్యాక్షి, థాంగ్ ఊళ్లను వరసగా స్వాధీనం చేసుకుంది. డిసెంబర్ 17న కాల్పుల విరమణ వచ్చింది. ఆ పోరాటానికి ఆయనకు రెండోసారి మహావీర చక్ర దక్కింది. మరుసటి ఏడాది సిమ్లా ఒప్పందంలో పంజాబ్, సింధ్ సరిహద్దుల్లో గెలిచిన భూములను ఎవరివి వారికి ఇచ్చేశారు. జమ్మూకశ్మీర్‌లో మాత్రం ఎక్కడి సైన్యం అక్కడే అని తీర్మానించి కొత్తగా నియంత్రణ రేఖ గీశారు. అలా తుర్తుక్ భారత్‌లో ఉండిపోయింది.

ఇదంతా పుస్తకాల్లో ఉన్న యుద్ధం. ఊరికి తెలిసిన యుద్ధం వేరు. డిసెంబర్ అంటే పొలం పనుల్లేని కాలం. చేతనైన మగవాళ్లు కొందరు కూలి వెతుక్కుంటూ, పిల్లలు కొందరు చదువుకోసం స్కర్దూ, లాహోర్, కరాచీల్లో ఉన్నారు. వాళ్లు ఎక్కడున్నవాళ్లు అక్కడే పాకిస్థానీయులుగా మిగిలిపోయారు, ఇళ్లలో ఉన్నవాళ్లు భారతీయులయ్యారు. భార్య ఇటు, భర్త అటు. అన్న ఇటు, తమ్ముడు అటు. చంటిపిల్లను తల్లి దగ్గర వదిలి ఊరికి వెళ్లిన కూతురు తిరిగి రాలేదు. ఇలాంటి కథ లేని ఇల్లు ఊళ్లో దొరకడం కష్టం. దేశ విభజనకు ముందు పుట్టిన పెద్దలైతే డోగ్రా మహారాజా పాలనలో పుట్టి, పాకిస్థాన్‌లో పెరిగి, భారత్‌లో ముసలివాళ్లయ్యారు. ఇల్లు మాత్రం మారలేదు.

అవతలివాళ్లను చూడాలంటే 2025 దాకా ఉన్న దారి ఒకటే. పాకిస్థాన్ వీసా సంపాదించి, లేహ్, శ్రీనగర్, అమృత్‌సర్ మీదుగా వాఘా దాటి, లాహోర్, ఇస్లామాబాద్ మీదుగా స్కర్దూ చేరి, అక్కణ్నుంచి ఖప్లూ వెళ్లాల్సి వచ్చేది. లెక్కవేస్తే రెండు వేల కిలోమీటర్లు దాటుతుంది. నది వెంబడి నడిచి వెళ్లే కాలంలో అదే ఖప్లూ పక్క పరగణా. 2025 ఏప్రిల్‌లో వాఘాకు ఇటువైపున్న అట్టారీ చెక్‌పోస్టు మూతపడటంతో ఆ చుట్టుదారి కూడా పోయింది. కొందరు హజ్ యాత్రకు వెళ్లినప్పుడు మక్కాలో కలుసుకున్నారు. అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకోవడానికి మూడో దేశానికి, అదీ జీవితంలో ఒక్కసారి వెళ్లే యాత్రకు, ముహూర్తం కుదుర్చుకోవాల్సి వచ్చింది. ఉత్తరాలకు నెలలు పట్టేది. ఫోన్లు వచ్చాక కాస్త ఊరట. సెల్‌ఫోన్‌లో వీడియోలు పంపుకునే సౌకర్యం వచ్చాక, చూడని మనవల మొహాలు అపోలకు తెలిశాయి. ఊరికి వచ్చిన పర్యాటకులు ఇంటర్నెట్ సరిగా రావడం లేదని విసుక్కుంటుంటే నాకు బాధేసింది; ఆ సిగ్నల్ ఇక్కడ కొందరికి ఇంటి గడప.

ఊరి స్వరూపంలోకి వద్దాం. తుర్తుక్ మూడు భాగాలు: యూల్, ఫారోల్, చుథాంగ్. కొండల మీది మంచు కరిగి వచ్చే వాగు ఊరిని చీల్చుకుంటూ పారి ష్యోక్‌లో కలుస్తుంది. యూల్ నుంచి ఫారోల్‌కు వెళ్లాలంటే వాగు మీద వంతెన దాటాలి. అక్కణ్నుంచి వాహనాల చప్పుడు వినబడదు, ఎందుకంటే ఫారోల్ సందుల్లో నడకే. సందు వెడల్పు ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిచేంత. వీపున విల్లో కొమ్మల బుట్టతో, అందులో తలను మించి లేచిన గడ్డిమోపుతో ఒకావిడ ఎదురైతే మనం గోడకు ఒరిగి దారివ్వాలి. ప్రతి సందుకూ ఒక పక్కన రాతి కాలువ. ఆ కాలువే ఊరికి ప్రాణం. పొలాలు తడిపేది అదే, తిరగళ్లు తిప్పేది అదే, శీతల గిడ్డంగులకు చల్లదనం ఇచ్చేదీ అదే. ఏ మడికి ఏ వేళ నీళ్లు వదలాలో వంతులున్నాయి. వంతు వచ్చినవాళ్లు కాలువ గండిలోంచి ఒక పలకరాయి, గుప్పెడు గడ్డిపెళ్ల తీస్తారు. నీళ్లు మళ్లుతాయి. వంతు అయిపోతే అదే రాయి, అదే పెళ్ల మళ్లీ యథాస్థానంలో పెడతారు. నీటి దగ్గర గొడవలు ఎరిగిన మన పల్లెలవాళ్లకు ఈ ఏర్పాటు ఎంత విలువైందో వేరే చెప్పక్కర్లేదు. లద్దాఖ్‌లో వాన దాదాపు లేదు. మంచునీళ్లు లేకపోతే పైరు లేదు.

తిరగలి కూడా చూసి తీరాల్సిందే. పైనుంచి చూస్తే చిన్న రాతి గుడిసె. కాలువ నీటిని ఏటవాలు కొయ్యదోనెలో వదిలి, గుడిసె కింద అడ్డంగా పడుకోబెట్టిన చక్రం మీద పడేలా చేస్తారు. చక్రంతోపాటు దాని ఇరుసు, ఇరుసుతోపాటు పైనున్న తిరగలి రాయి తిరుగుతాయి. గింజలు పోసిన బుట్ట రాయి పైన వేలాడుతుంటుంది. బుట్టకు కట్టిన చిన్న పుల్ల ఒకటి తిరిగే రాయికి ఆనుకుని ఉంటుంది. రాయి గరుకుకు ఆ పుల్ల టకటకమని అదురుతుంటే ఒక్కో అదురుకూ నాలుగైదు గింజలు రాయి కంట్లోకి రాలతాయి. నీళ్లు జోరుగా వస్తే రాయి జోరుగా తిరుగుతుంది, పుల్ల జోరుగా అదురుతుంది, గింజలు ఎక్కువ రాలతాయి. నీళ్లు మందగిస్తే అన్నీ మందగిస్తాయి. మనిషి చూసుకోవాల్సిన పనే లేదు. ఈ పుల్లను కనిపెట్టిన బుర్ర ఎవరిదో గానీ, దాని ముందు ఎంతసేపు కూర్చున్నా విసుగు రాదు. గుడిసె నేల మీద పిండి మెత్తగా, గోరువెచ్చగా పేరుకుంటుంది.

అన్నిటికంటే వింత ‘నాంగ్‌చుంగ్’. విద్యుత్తు ఊసే లేని రోజుల్లో ఊరు కట్టుకున్న శీతల గిడ్డంగి ఇది. సగం నేలలోకి దిగిన చిన్న రాతిగది. గోడలకు సున్నం లేదు, మట్టి మెత్తిన జాడా లేదు. రాయి మీద రాయి పేర్చి, రాళ్ల నడుమ సందులు కావాలనే వదిలేశారు. కొండ మీంచి దిగే చల్లగాలి, కింద పారే మంచునీటి చెమ్మ ఆ సందుల్లోంచి గదిలోకి చేరతాయి. జులై మధ్యాహ్నం బయట ఎండ చుర్రుమంటుంటే, గోడ సందుకు అరచేయి ఆనిస్తే గాలి వేళ్ల మధ్యలోంచి చల్లగా కొడుతుంది. తలుపు తీసి లోపలికి వంగితే వెన్న ముద్దలు, పెరుగు కుండలు, మాంసం. వేసవిలో పాడవకుండా ఉంచేది ఈ గదే. నడి చలికాలంలో బయటంతా గడ్డకట్టుకుపోయినప్పుడు, నేలలోకి దిగి ఉండటం వల్ల లోపలి చలి అంత తీవ్రంగా ఉండదు. ఇప్పుడు ఇళ్లలో ఫ్రిజ్‌లు వస్తున్నాయి. అయినా ఫారోల్‌లో చాలా నాంగ్‌చుంగ్‌లు వాడుకలోనే ఉన్నాయి. తాతలు కట్టింది గనక ఉంచుకోవడం కాదు, అక్కరకొస్తోంది గనక వాడుకుంటున్నారు. కరెంటు బిల్లు లేకుండా, మరమ్మతు మనిషి రాకుండా వందేళ్లు పనిచేసే యంత్రం ఎవరు వదులుకుంటారు?

లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంటే, తుర్తుక్ 3,000 మీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఆ అయిదొందల మీటర్ల తేడాయే ఊరి అదృష్టం. లద్దాఖ్‌లో చాలాచోట్ల ఏడాదికి ఒక్క పంటే. ఇక్కడ రెండు. మంచు కరగగానే బార్లీ వేస్తారు. వేసవి నడిమిలో అది కోసి, అదే మడిలో బక్‌వీట్ చల్లుతారు. ఉత్తరాదివాళ్లు ఉపవాసాల రోజున తినే కుట్టు పిండి దీనిదే. వేసవి చివర్లో బక్‌వీట్ పూసినప్పుడు ఊరు ఊరంతా లేత గులాబీరంగు. దాని పిండిని జారుగా కలిపి పెనం మీద పోస్తే వచ్చేదే ‘కిసిర్’. చూడటానికి మన రవ్వదోసెకూ ఊతప్పానికీ మధ్యస్థంగా, చిల్లులు చిల్లులుగా, ముదురు రంగులో ఉంటుంది. అంచు దోరగా, నడుమ మెత్తగా. నంజుకోవడానికి రెండు రకాలు. పెరుగులో పుదీనా లాంటి ఆకులు నూరి కలిపింది ‘త్సామిక్’. అక్రోట్ గుజ్జు నూరి చేసింది ‘మోస్కోట్’. ఒకటి పుల్లన, ఒకటి కమ్మన. కిసిర్ ముక్కను ముందు మోస్కోట్‌లో ముంచి, ఆపైన త్సామిక్ అంటించి తింటే రుచి ఎక్కడికో వెళ్తుంది. బక్‌వీట్ పిండితోనే నూడుల్స్‌లా చేసి పులుసులో ఉడికించే ‘బలే’, అక్రోట్ రసంలో గవ్వల్లాంటి పిండి ముద్దలు వేసే ‘ప్రాకు’ చలికాలపు వంటలు. మసాలా దినుసులు దాదాపు లేవు. రుచంతా ఆకులది, గింజలది. కారానికి అలవాటు పడిన నాలుకకు మొదటి పూట చప్పగా ఉంటుంది, రెండో పూటకు సర్దుకుంటుంది.

ఇక ఆప్రికాట్. బాల్టీలో ‘చులి’. మన హైదరాబాద్‌లో పెళ్లి విందుల్లో మీగడతో వడ్డించే ఖుబానీ కా మీఠా ఈ పండును ఎండబెట్టి చేసిందే. ఆ గిన్నె మీద అలంకారంగా పెట్టే బాదం లాంటి పప్పు కూడా ఈ పండు టెంకలోదే. తినేటప్పుడు మనకు అది ఎక్కడి చెట్టుదన్న ధ్యాస ఉండదు. ఇక్కడ ఆ చెట్టు ఇంటి మనిషి. ఏప్రిల్‌లో ఆకు రాకముందే తెల్లగా, లేత గులాబీగా పూస్తుంది. జులైకల్లా కొమ్మలు వంగిపోతాయి. పిల్లలు చెట్టెక్కి కొమ్మలు ఊపుతుంటే కింద ఆడవాళ్లు దుప్పట్లు పట్టుకుంటారు. సందుల్లో పోతుంటే గుప్పెడు కోసుకోమని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. మిగిలినవి నిలువునా చీల్చి టెంక తీసో, తీయకుండానో కప్పుల మీద, బండరాళ్ల మీద ఎండబెడతారు. ఇక్కడి గాలిలో తేమ ఉండదు గనక పంచదార పాకం, రసాయనం ఏమీ అక్కర్లేదు.

టెంకలు పారేయరు. పొద్దుపోని చలికాలం సాయంత్రాలకు అదో పని. ఒక చదును రాయి, అందులో టెంక నిలిచేంత చిన్న గుంట, చేతికి సరిపడే గుండ్రాయి. గుండ్రాయితో ఒక్క దెబ్బ. పప్పు చితక్కూడదు, టెంక మాత్రం పగలాలి. అపిలు కబుర్లు చెబుతూ, చూడకుండానే కొడతారు. తియ్య పప్పు వేరు, చేదు పప్పు వేరు. తియ్యవి తినడానికి. చేదువి నూనెకు. దంచి, కొద్దిగా వేడినీళ్లు చిలకరించి, చేత్తో పిసికి పిసికి నూనె తీయడం పాత పద్ధతి. ఇప్పుడు యంత్రాలూ వచ్చాయి. ఆ నూనె తలకు రాస్తారు, కీళ్లకు మర్దన చేస్తారు, ఒకప్పుడు దీపాల్లోనూ పోసేవారు. పగిలిన టెంక పెంకులు పొయ్యిలోకి. చెట్లు తక్కువగా ఉండే నేల మీద వంటచెరుకు ఎంత అపురూపమో ఊహించండి. పండు, పప్పు, నూనె, పొయ్యి. ఒక్క పండులో ఇంత ఉంది.

ఇళ్లు కూడా చలిని లెక్కలోకి తీసుకునే కట్టారు. కింది భాగం రాతి గోడలతో, చిన్న కిటికీలతో చలికాలానికి. పొయ్యి, మనుషులు, పక్కగదిలో పశువులు అంతా ఒకేచోట వెచ్చగా ఉంటారు. పైభాగం గాలి ఆడేలా వేసవికి. దేశంలో దాదాపు ఎవరికీ తెలియకుండా ఇలా తమ బతుకు తాము బతుకుతున్న ఊరి పేరు 1999లో కార్గిల్ యుద్ధంతో పత్రికలకెక్కింది. తుర్తుక్ సెక్టార్‌లోని ఎత్తయిన శిఖరాల మీద పోరు సాగింది. రాజ్‌పుతానా రైఫిల్స్‌కు చెందిన ఇరవై నాలుగేళ్ల కెప్టెన్ హనీఫుద్దీన్ ఆ ఏడాది జూన్‌లో ఇక్కడే ప్రాణాలిచ్చారు. ఆయన భౌతికకాయాన్ని కిందికి తేవడానికి నెల రోజులకు పైనే పట్టింది. ఆయన పోరాడిన భాగానికి ఇప్పుడు ఆయన పేరే. వీరచక్ర ఇచ్చారు. ఆ కొండల మీదికి సైన్యానికి సరుకులు మోసినవాళ్లు ఈ ఊళ్లవాళ్లే. గుర్రం ఎక్కలేని చోటికి మనిషి ఎక్కాడు. సైన్యానికి పోర్టర్లుగా వెళ్లడం ఇవాళ్టికీ ఇక్కడ చాలా ఇళ్లకు ప్రధాన ఆదాయం. ఊరి మీది రాతిగుట్ట మీద చిన్న బౌద్ధ ఆలయం ఒకటి ఉంది, ఊళ్లో బౌద్ధులు లేకపోయినా. ఇక్కడ కాపలాకు వచ్చిన సైనికుల కోసం వెలసింది. దాని పక్కన నిలబడితే కింద పొలాలు, కొయ్యపనితనం ఉన్న మసీదు, ష్యోక్ అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. నది ఆ పక్క మలుపు తిరిగి ఖప్లూ వైపు పారి, స్కర్దూకు ఎగువన కేరిస్ దగ్గర సింధులో కలుస్తుంది.

2010లో ప్రభుత్వం తుర్తుక్‌ను పర్యాటకులకు తెరిచింది. అంతకుముందు దాదాపు నలభై ఏళ్లు బయటివాళ్లంటే సైనికులే. మొదట్లో ఒకటో రెండో ఇళ్లు గదులు అద్దెకిచ్చాయి. ఇప్పుడు ఊరంతా అతిథి గృహాలే. డబ్బు వచ్చింది, దాంతోపాటు సిమెంటు వచ్చింది. పాత రాతి ఇళ్ల పక్కన రేకుల కప్పులు లేచాయి. దాన్ని తప్పుపట్టడం బయటివాడికి తేలిక. కప్పు మీద మంచు ఎత్తిపోయాల్సిన చేతులకు రేకు సుఖం తెలుసు. నాకు సంతోషం కలిగించింది మరొకటి: పర్యాటకులు అడుగుతున్నారని బాల్టీ వంటలు మళ్లీ రోజువారీ పొయ్యి ఎక్కాయి. ఒక ఇంటివాళ్లు తమ పాత సామాన్లన్నీ, రాతి గిన్నెలు, తోలు సంచులు, కొయ్య పాత్రలు, పేర్చి బాల్టీ హెరిటేజ్ హౌస్ అని చూపిస్తున్నారు. చదువుకోసం లేహ్, శ్రీనగర్, చండీగఢ్‌లకు వెళ్లిన కుర్రాళ్లు వేసవి సెలవుల్లో తిరిగొచ్చి గైడ్లవుతున్నారు. మార్చి 21న నౌరోజ్ పండగ. గుడ్లకు రంగులేస్తారు. పోలో బాల్టీల సొంత ఆట కాబట్టి ఊళ్లో మైదానం కూడా ఉంది. పర్యాటకులు ఎవరూ రాని మార్చి చలిలోనే ఊరు తన పండగ తాను చేసుకుంటుంది.

ఇప్పుడు వెళ్లాలనుకునేవారికి. ఢిల్లీ నుంచి లేహ్‌కు విమానాలున్నాయి. దిగగానే కనీసం రెండు రోజులు అక్కడే విశ్రాంతి తీసుకోవాలి. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడకుండా ఖార్దుంగ్ లా ఎక్కితే ప్రాణం మీదికొస్తుంది. లేహ్ నుంచి తుర్తుక్‌కు టాక్సీలో ఒక పగలు పడుతుంది. మధ్యలో హుందర్‌లో రాత్రి ఆగితే ఒళ్లు అలిసిపోదు. బస్సులున్నాయి గానీ రోజూ ఉండవు. సరిహద్దు ప్రాంతం కాబట్టి అనుమతుల నిబంధనలు మారుతుంటాయి. లేహ్‌లో కనుక్కుని, గుర్తింపు కార్డు నకళ్లు నాలుగైదు దగ్గర పెట్టుకోండి. మన ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. నగదు దిస్కిత్ దాటకముందే తీసుకోవాలి. పూలకు ఏప్రిల్, పండ్లకు జులై, ఆగస్టు. ఒక్క పగలు చూసి తిరిగిపోయేవాళ్లే ఎక్కువ. ఒక్క రాత్రైనా ఫారోల్‌లో ఉండండి. సాయంత్రం టాక్సీలు వెళ్లిపోయాకే ఇంటివాళ్లకు మాట్లాడే తీరిక దొరుకుతుంది. ఆడవాళ్లను అడగకుండా ఫొటో తీయకండి. సైనిక స్థావరాలను, వంతెనలను అసలే తీయకూడదు. అనుమతి ఉంటే అవతల త్యాక్షి, థాంగ్ దాకా కూడా వెళ్లొచ్చు. థాంగ్ దగ్గర స్థానికులు దుర్భిణీ ఇచ్చి ఎదుటి కొండవాలున ఉన్న పాకిస్థాన్ అధీనంలోని ఊరిని చూపిస్తారు.

ఊళ్లో కొనాల్సింది ఎండు ఆప్రికాట్లే. టెంకతో ఉన్నవీ, టెంక తీసినవీ రెండూ దొరుకుతాయి. టెంకతో ఉన్నవే కొనండి, ఖుబానీ కా మీఠాకు అవే బాగుంటాయి. నానబెట్టిన నీటిని పారబోయకుండా ఆ నీటిలోనే ఉడికించాలి. టెంక పగలగొట్టినప్పుడు ముందు ఒక పప్పు కొరికి చూడండి. తియ్యగా ఉంటేనే గిన్నె మీద వేయండి. చేదుగా ఉంటే తినకండి, అది నూనెకు పెట్టిన రకం.